పేజీ మీది గడియారం

కొత్తవాడలో మగ్గాల చప్పుడు మొదలయ్యే వేళకు గుండయ్య ఎడమ చేతిని చెవికి ఆనించుకుని వింటాడు. మణికట్టుకు కాస్త పైన, డాక్టర్లు రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోట, చర్మం కింద నెత్తురు సన్నగా ఝుమ్మంటూ పారుతుంటుంది. ఆ చప్పుడు ఉన్నంతకాలం ఆ చేతికి డయాలసిస్ సూది గుచ్చవచ్చు. ఆగితే మళ్లీ కోయాలి, మళ్లీ కుట్టాలి.

"నడుస్తాంది," అంటాడు వంటింటి వైపు తిరిగి.

జంపఖానాలు నేసి బతికిన మనిషి. కిడ్నీలు చెడ్డాక మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. నడవాల్సింది ఇప్పుడు చెయ్యొక్కటే. కూతురు రాజశ్రీ ఆ మాట విన్నాకే స్టవ్ వెలిగిస్తుంది. తల్లి లింగమ్మ పోయాక ఇంట్లో వాళ్లిద్దరే.

రాజశ్రీ మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది. వెబ్‌సైట్లలో మనిషి కంటికి కనబడే వైపు ఆమెది. రంగులు, బొత్తాలు, నొక్కితే ఏం జరగాలో చెప్పే స్క్రిప్టులు. వెనకాల సర్వర్లు చూసుకునేవాళ్లు వేరు. తండ్రి డయాలసిస్ ఉన్న రోజుల్లో ఆమె మధ్యాహ్నం దాకా ఆఫీసులో ఉండి, తరువాత దవాఖాన బెంచీ మీద కూర్చుని లాప్‌టాప్ తెరుస్తుంది. ఆఫీసువాళ్లు దానికి ఒప్పుకున్నారు. ఎప్పటిదాకా ఒప్పుకుంటారో ఆమె అడగలేదు.

దవాఖానలో గుండయ్యది మధ్యాహ్నం షిఫ్టు. అదే మిషన్ మీద పొద్దుటి షిఫ్టు ఉప్పలయ్యది. నర్సంపేట అవతల పల్లె. పత్తి, కొంచెం వరి. ఒకరు మంచం దిగితే ఒకరు ఎక్కుతారు. దిగేవాడు నీరసంగా, ఎక్కేవాడు ఉబ్బిన ముఖంతో ఉంటారు కాబట్టి వాళ్ల మధ్య మాటలు తక్కువ. ఉప్పలయ్య మాత్రం దిగేటప్పుడు ఒక మాట అనకుండా పోడు. "సీటు ఎచ్చగ జేసి పెట్టిన, కూసో అన్నా," అంటాడు. గుండయ్య ప్రతిసారీ నవ్వుతాడు.

బయట బెంచీ మీద గుండయ్య నేసిన జంపఖానా ఒకటి ఉంటుంది. పొద్దున ఉప్పలయ్య భార్య పూలమ్మ దాన్ని పరుచుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం దులిపి రాజశ్రీకి ఇస్తుంది. సాయంత్రం రాజశ్రీ దాన్ని మడిచి కిటికీలో పెట్టి పోతుంది. ఆ జంపఖానా చేతులు మారే కాస్త సేపట్లోనే ఆ ఇద్దరికీ చుట్టరికం కలిసింది. పూలమ్మ ఆమెను బిడ్డా అంటుంది. రాజశ్రీ ఆమెను చిన్నమ్మా అంటుంది.

ఆ హాలుకు ఒక నియమం ఉంది. చెప్పకుండా ఒకసారి రాకపోతే తిడతారు. రెండోసారి రాకపోతే ఆ చోటు వరుసలో ఎదురుచూస్తున్న వాళ్లకు పోతుంది. ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరక్క ఉప్పలయ్య ఒకసారి రాలేదు. తిట్లు అప్పుడే అయిపోయాయి.

వానాకాలం మొదట్లో దవాఖానలో నీళ్ల ప్లాంటు పాడవడం మొదలైంది. శుద్ధి చేసిన నీళ్లు లేనిదే ఆ మిషన్లు తిరగవు. ప్లాంటు ఆగిన పూట షిఫ్టు ఉండదు. ఉప్పలయ్య, పూలమ్మ మొదటి బస్సుకు వచ్చి, గేటు దగ్గర ఆ మాట విని, తడుస్తూ వెనక్కి పోయారు. ఒకసారి బస్టాండులో ఆయన కూలబడిపోయాడు. ఎవరో సోడా తాగించబోతే పూలమ్మ గ్లాసు లాక్కుని పారబోసిందట. ఆయనకు రోజుకు ఇన్ని గుక్కల నీళ్లేనని ఆ దయగలవాళ్లకు ఎలా తెలుస్తుంది?

నిజానికి దవాఖాన వెబ్‌సైట్‌లో ఏ షిఫ్టు ఉందో, ఏది లేదో ముందే రాస్తారు. కానీ ఆ పేజీ బరువైనది. పైన డాక్టర్ల ఫొటోలు కదులుతుంటాయి, కింద బిల్డింగు వీడియో ఉంటుంది. కావలసిన ఆ ఒక్క వరుస అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పల్లెలో వచ్చే సిగ్నల్‌కు ఆ పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా పూలమ్మ అంత చదువుకోలేదు.

రాజశ్రీకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఒక్క వరుసను తెచ్చి, ఫోన్ నిండా చూపించే చిన్న పేజీ ఒకటి చేస్తే? షిఫ్టు ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. డబ్బు కట్టనక్కర్లేకుండా పేజీలు పెట్టుకునే చోటు ఆమెకు ఒకటి ఉంది. అక్కడ సర్వర్ పనులు సాగవు, పేజీ, స్క్రిప్టు పెట్టవచ్చు, అంతే. స్క్రిప్టు చాలుననుకుంది. ఫోన్‌లోని బ్రౌజరే పోయి దవాఖాన పేజీ అసలు రాత, HTML, తెస్తుంది, అందులోంచి ఆ వరుస ఏరుకోవడం ఎంతసేపు?

బ్రౌజర్ ఒప్పుకోలేదు. తెర అడుగున ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె పని చేసే చోట అందరి పేజీలూ సొంత సర్వర్లతోనే మాట్లాడేవి. పరాయి ఇంటి పేజీ ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర పక్క సీటు కృష్ణమోహన్‌ను అడిగింది. సర్వర్ల పని చూసే మనిషి. బాక్సులో పప్పు కలుపుకుంటూ చెప్పాడు.

"నువ్వు తెరిచి చూస్తే నిన్ను ఎవ్వలు ఆపరు. నీ పేజీ పోయి పట్టుకొస్తనంటేనే లొల్లి. ఆ దవాఖానోళ్ల సర్వర్ 'ఫలానోళ్లకు ఇయ్యొచ్చు' అని ఒక మాట రాసి పంపాలె. రాయకపోతే బ్రౌజర్ నీ స్క్రిప్టు చేతికియ్యది."

"గా పేజీల దాచుకునేది ఏమున్నదన్నా? ఊరందరు సూసేదే గదా."

"దాంట్ల లేదు. నీ బ్యాంకు పేజీల ఉన్నది గదా. ఎవడో ఒకడు పేజీ చేసి, నువ్వు దాన్ని తెరవంగనే నీ బ్యాంకు పేజీ సదువుకుంటనంటే ఊకుంటవా? బ్రౌజర్‌కు ఏది దవాఖాననో ఏది బ్యాంకో తెల్వది. అందరికీ ఒకటే రూలు."

దవాఖాన పేజీ అడుగున ఉన్న అడ్రస్‌కు ఆమె మెయిల్ రాసింది. మీ సర్వర్ జవాబుల్లో ఈ అనుమతి మాట ఒక్కటి చేర్చండి, దూరం నుంచి వచ్చేవాళ్లకు మేలవుతుందని. జవాబు రాలేదు. మళ్లీ రాసింది. రాలేదు. అనుమతి అడగకుండా తెమ్మనే పద్ధతి ఒకటి ఉందని ఎక్కడో చదివి అదీ చేసి చూసింది. ఎర్ర అక్షరాలు పోయాయి. చేతికి వచ్చింది మాత్రం ఖాళీ. బ్రౌజర్ పోయి వచ్చింది, తెచ్చినదాన్ని విప్పి చూపించలేదు.

చివరికి ప్రాక్సీ అనే మధ్యవర్తి దగ్గరికి వచ్చింది. ఎక్కడో ఎవరో ఒక సర్వర్ పెట్టి ఊరికే వాడుకొమ్మంటారు. మన పేజీ దాన్ని అడుగుతుంది. అది బ్రౌజర్ కాదు కాబట్టి ఆ రూలు దానికి లేదు. దవాఖాన పేజీని తెచ్చి, అందరికీ ఇవ్వవచ్చునన్న మాట తానే రాసి మన చేతికిస్తుంది.

"వాడు ఎవడో తెల్వది," అన్నాడు కృష్ణమోహన్. "ఏం పెడితె అది తినాలె మరి. సూస్కో."

పేర్లు లేవు, నంబర్లు లేవు, షిఫ్టు ఉందా లేదా, అంతే కదా అనుకుంది రాజశ్రీ. వాడు చూస్తే చూశాడు.

పేజీ పని చేసింది. మొదట తండ్రికి చూపించింది. పచ్చటి తెర మీద "మధ్యాహ్నం షిఫ్టు ఉన్నది" అని పెద్దక్షరాలు. గుండయ్య ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది ఇప్పటిదేనా?"

"ఇప్పటిదే బాపు."

"ఎట్ల తెలుస్తది?"

న్యాయమైన ప్రశ్నే. రాజశ్రీ ఇంకొక వరుస రాసింది. పచ్చ రంగు కింద ఒక గడియారం వచ్చింది. గంటలు, నిమిషాలు, సెకన్లు. సెకన్ల అంకె కదులుతూ ఉంటే పేజీకి ప్రాణం వచ్చినట్టుంది. గుండయ్య గోడ గడియారంతో పోల్చి చూసి తల ఊపాడు.

ఆ వారమే పేజీ హాలంతా పాకింది. పూలమ్మ ఫోన్‌లో రాజశ్రీ స్వయంగా పెట్టింది. డోర్నకల్ నుంచి వచ్చే రైల్వే పెన్షనర్ ఒకాయన, దవాఖాన కన్నా ఈ పిల్ల ఫోనే నయమన్నాడు. షిఫ్టు సంగతి అడిగితే విసుక్కునే సిస్టర్ సరస్వతి కూడా, నన్నడుగుతరెందుకు, ఆమె పేజీ సూస్కోర్రి అనడం మొదలుపెట్టింది. పూలమ్మ అక్షరాలు చదవదు. రంగు చూస్తుంది, గడియారం చూస్తుంది. గడియారం తిరుగుతుంటే మాట నిజమన్నట్టే.

ప్లాంటు మళ్లీ ఆగింది. దవాఖానవాళ్లు పొద్దుటి షిఫ్టు లేదని రాశారు. పేజీ ఎర్రబడింది. సాయంత్రానికి ప్లాంటు బాగైంది. ఆగిపోయిన షిఫ్టును మర్నాడు పొద్దున పెడుతున్నామని వెబ్‌సైట్‌లో మార్చారు.

మర్నాడు మధ్యాహ్నం రాజశ్రీ తండ్రిని తీసుకుని హాలుకు వచ్చింది. ఆయన షిఫ్టు కూడా ఒక రోజు తరువాతకు జరిగింది. బెంచీ ఖాళీగా ఉంది. జంపఖానా కిటికీలో ఉంది, తాను మొన్న పెట్టిన మడత మీదనే. లోపల మంచం మీద దుప్పటి నలగలేదు.

ఉప్పలయ్య చిన్నాయన రాలేదా అని సిస్టర్‌ను అడిగింది.

"రాలే. పొద్దున్నుంచి మిషన్ ఖాళీగ ఉన్నది," అంది సరస్వతి సూది తీస్తూ. "మళ్ల పొలం పనేమో. గిట్లయితె సీటు పోతది."

"పొద్దున షిఫ్టు నడిచిందా?"

"నడవకేం? కడమోళ్లు గేటు దాక వచ్చి అడిగి మరీ ఎక్కిన్రు."

రాజశ్రీ ఫోన్ తీసింది. తన పేజీ తెరిచింది. ఎరుపు. "పొద్దుటి షిఫ్టు లేదు." దాని కింద గడియారం సరిగ్గా ఆ క్షణాన్ని చూపిస్తోంది. సెకన్లు కదులుతున్నాయి.

దవాఖాన పేజీని విడిగా తెరిచింది. ఫొటోలు కదిలాయి. వీడియో వచ్చింది. అడుగున చిన్న అక్షరాలు. షిఫ్టులన్నీ ఉన్నాయి.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మధ్యలో ఉన్న ప్రాక్సీవాడు ప్రతిసారీ దవాఖాన దాకా పోవడం లేదు. ఒకసారి తెచ్చింది దాచుకుని అడిగినవాళ్లందరికీ అదే ఇస్తున్నాడు. ఇచ్చింది నిన్నటిది. గడియారం మాత్రం దవాఖానది కాదు, మధ్యవాడిదీ కాదు. అది ఫోన్‌దే. ఏ ఫోన్‌లో తెరిస్తే ఆ ఫోన్ టైము. పాత మాట పక్కన కొత్త టైము పెట్టింది తాను. మధ్యవాడు అబద్ధం చెప్పలేదు. తేదీ చెప్పలేదు, అంతే. తేదీ వేసింది తన చెయ్యి.

తండ్రి మిషన్‌కు కూడా రాజశ్రీ ఆ పేజీనే చూసుకునేది. ఆ రోజు చూడలేదు. డోర్నకల్ ఆయన పొద్దున ఫోన్ చేసి, ప్లాంటు బాగైందని, మధ్యాహ్నం షిఫ్టు ఉంటుందని చెప్పాడు. ఆయనా పేజీ చూసుకుని రాలేదు, ఆ రోజు దవాఖాన దగ్గరే బంధువుల ఇంట్లో ఉన్నాడు కాబట్టి నడిచి వచ్చి కనుక్కున్నాడు. అంతే తేడా.

పూలమ్మకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది.

"ఎర్రగున్నది గదా బిడ్డా," అంది పూలమ్మ. "తెల్లారంగ సూసిన. బస్సు టైముకు మళ్ల సూసిన. గడియారం గూడ సూసిన. రేపు అయితదేమో అని ఊకున్నం. ఈయనకు జర దమ్ము వస్తాంది."

వెంటనే బయలుదేరమని రాజశ్రీ చెప్పింది. కారణం చెప్పలేదు.

చీకటి పడకముందే ఆటోలో తెచ్చారు. ఒంట్లో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కాయి. ఉప్పలయ్య పడుకోలేక కూర్చునే ఉన్నాడు, నోరు తెరిచి, గాలిని కొరుకుతున్నట్టు. ఎమర్జెన్సీలోకి తీసుకుపోయారు. వాకిట్లో సరస్వతి పూలమ్మను నిలదీసింది. మొగుడి పాణం మీద ఫికర్ లేదా అంది. పూలమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. ఫోన్‌లో షిఫ్టు లేదని వచ్చిందని చెప్పవచ్చు. పక్కన రాజశ్రీ నిలబడి ఉండటం చూసింది. చూసి, ఫోన్ కొంగులో చుట్టుకుంది.

"తప్పయింది సిస్టరమ్మా," అంది.

ఉప్పలయ్య బతికాడు. కానీ తేరుకోవడం నెమ్మదిగా సాగింది. లేవాలంటే మనిషి కావాలి. ఇంతలో సూపర్‌వైజర్ చంద్రమౌళి మాట తెలిసింది. రెండోసారి చెప్పకుండా రాలేదు కాబట్టి పొద్దుటి చోటు వరుసలో ఉన్న ఒకామెకు ఇచ్చేశారు. వార్డు నుంచి పంపేసిన తరువాత ఉప్పలయ్య వేరే దవాఖాన చూసుకోవాలి. వేరే దవాఖానలోనూ వరుస ఉంటుంది. ఆ వరుస కదిలేదాకా ఉప్పలయ్య ఒళ్లు ఆగదు.

ఇంట్లో రాజశ్రీ తండ్రికి అంతా చెప్పింది. ఫోన్ టైము సంగతి కూడా చెప్పింది. గుండయ్య మగ్గం పక్క గోడకు ఆనుకుని విన్నాడు. ఎట్ల తెలుస్తదని అడిగింది తానేనన్నది ఆయనకు గుర్తుంది.

"పోయి చెప్తవా?" అన్నాడు.

"చెప్పాలె బాపు."

"వాళ్ల పేజీ అడగకుండ తీసినవని కోపానికొస్తే? మన సీటు గూడ వాళ్ల చేతులనే ఉన్నది."

గుండయ్య చాలాసేపు తన చేతిని చూసుకున్నాడు. చెవి దగ్గరికి ఎత్తలేదు. అరచేత్తో కప్పి పట్టుకున్నాడు. అంగీ తెమ్మన్నాడు.

చంద్రమౌళి గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. రాజశ్రీ నిలబడే చెప్పింది. ఉప్పలయ్య మానుకుని రాకపోవడం కాదని, తన పేజీ పాత మాట చూపించిందని, పూలమ్మ దాన్నే నమ్మిందని. ఆయన పేజీ చూపించమన్నాడు. చూశాడు. బయటికి పోయి సరస్వతిని అడిగాడు. ఆమె కూడా ఆ పేజీనే చూసుకొమ్మని జనానికి చెప్పిన మాట ఒప్పుకుంది. ఆయన వచ్చి కూర్చున్నాడు.

"మా పేజీ తీస్కుంటనని ఎవరిని అడిగినవమ్మా?"

"మెయిల్ పెట్టిన సార్. రెండుసార్లు. ఎవరు జవాబియ్యలే."

"జవాబియ్యకపోతే ఇచ్చినట్టా?"

బ్రౌజర్ కూడా అదే అన్నది. రాజశ్రీ తల దించుకుంది. అలాగే దించుకుని, మీ సర్వర్‌లో అనుమతి మాట ఒక్కటి చేరిస్తే మధ్యలో ఎవరూ అక్కర్లేదని, పేజీ నేరుగా మీ దగ్గరే తీసుకుంటుందని చెప్పింది. ఆ వెబ్‌సైట్ హైదరాబాద్‌వాళ్లు చేసిందని, చెప్పి చూస్తానని ఆయన అన్నాడు. చెప్పి చూస్తానన్న మాట ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

పొద్దుటి చోటు వెనక్కి తీసుకోలేనన్నాడు. వరుసలోంచి వచ్చినామె నిన్ననే మొదటిసారి మిషన్ ఎక్కింది, ఇప్పుడు దిగమని ఎట్ల చెప్పాలె అన్నాడు. రాత్రి షిఫ్టులో ఒక ఖాళీ ఉంది, కావాలంటే ఉప్పలయ్యకు ఇస్తానన్నాడు. రాత్రి షిఫ్టు దిగేసరికి నర్సంపేట బస్సులు ఉండవు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

అప్పటిదాకా తలుపు దగ్గర కుర్చీలో ఉన్న గుండయ్య మాట్లాడాడు.

"నా మధ్యాహ్నం ఆయనకియ్యి సారూ. రాత్రిది నాకు రాయి. నేను ఊర్లోనే ఉంట గదా."

చంద్రమౌళి రాజశ్రీ వైపు చూశాడు. రాజశ్రీ తండ్రి వైపు చూసింది. గుండయ్య గోడ వైపు చూస్తున్నాడు.

రాజశ్రీ పేజీ తీసేసింది. పూర్తిగా తీసేస్తే కొందరి ఫోన్లలో పాతది మిగిలిపోతుందేమోనని భయపడి, అదే చోట ఒక్క మాట పెట్టింది. "దీన్ని నమ్మకండి. నాకు ఫోన్ చేయండి." రంగు లేదు. గడియారం లేదు. హాలులో కొందరికి కోపం వచ్చింది. ఒకరికి జరిగిందని మా అందరికీ తీసేస్తావా అన్నారు. డోర్నకల్ ఆయన మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు షిఫ్టు ఉన్న రోజుల్లో పొద్దున్నే, తండ్రి చేతిని చెవికి ఆనించుకునే వేళకు, రాజశ్రీ దవాఖాన పేజీని తన కళ్లతో తెరుస్తుంది. చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫొటోలు కదిలేదాకా ఆగుతుంది. వీడియో దాటుతుంది. అడుగున చిన్న అక్షరాలు చదువుతుంది. చదివి ఒక్కొక్కరికే ఫోన్ చేస్తుంది. దూరం వాళ్లకు ముందు.

ఆఫీసుకు ఆలస్యమవుతోంది. డయాలసిస్ రోజుల్లో రాత్రి షిఫ్టు అయ్యాక తండ్రిని ఇంటికి చేర్చి, ఆయన పడుకున్నాక మిగిలిన పని చేస్తుంది. ఈమధ్య ఆఫీసువాళ్లు, ఇలా ఎన్నాళ్లు అని అడిగారు.

జంపఖానా మాత్రం ఇంకా చేతులు మారుతోంది. సాయంత్రం పూలమ్మ దులిపి ఇస్తుంది. ఉప్పలయ్య దిగేటప్పుడు గుండయ్య భుజం పట్టుకుంటాడు. సీటు ఎచ్చగ ఉన్నదని ఇప్పుడు అనడు. ఊపిరి దాచుకుంటున్నాడో, మరచిపోయాడో తెలియదు.

ఈ ఉదయం కూడా రాజశ్రీ పూలమ్మకు ఫోన్ చేసింది. షిఫ్టు ఉందని, మధ్యాహ్నం వేళకు రమ్మని చెప్పింది. అవతల కోళ్ల చప్పుడు, దూరంగా ఎవరిదో ట్రాక్టర్ చప్పుడు. తరువాత పూలమ్మ అడిగింది. ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. గేటు వేసి ఉందా అని చూసుకున్నట్టు అడిగింది.

"ఇది ఇప్పటిదేనా బిడ్డా?"

"ఉండు చిన్నమ్మా," అంది రాజశ్రీ.

ఫోన్ చెవి నుంచి తీసి, పేజీని మళ్లీ మొదటి నుంచి తెరిచింది. ఫొటోలు కదలడం మొదలైంది. ఆమె ఎదురుచూసింది. అవతల పూలమ్మ కూడా ఎదురుచూసింది.